కాకి ఎత్తుకుపోయిన పడవ ముక్క

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రానికి చెంప ఆనించుకుని పడుకునే ఊళ్ళో, ఒక గొంతు ఉండేదట. గొంతుకి మనిషి ఉండదా అమ్మమ్మా అంటావు. ఎందుకుండదమ్మా, ఉంది. ఆవిడ పేరు నూకరత్నం. కానీ ఆ ఊరివాళ్ళు ముందు గొంతు వినేవారు, ఆ తర్వాతే మనిషిని చూసేవారు. అందుకని నేనూ అదే వరసలో చెబుతున్నాను. దుప్పటి కప్పుకో. ఊఁ కొట్టు మరి.

ఆ ఊరి పేరు తెడ్లపాలెం. ఊరంతా చేపలు పట్టేవాళ్ళే. ఊరి పక్కనుంచి ఒక ఏరు వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటుని మొగ అంటారు. వేటకెళ్ళిన పడవలు ఇంటికి రావాలంటే ఆ మొగలోంచే రావాలి. మొగకి ఒక పక్క మెత్తటి ఇసుక దిబ్బ. రెండో పక్క నల్లటి బండరాళ్ళు. పగటిపూట అయితే పడవ నడపడం వచ్చిన ప్రతివాడూ వచ్చేస్తాడు. కానీ పుష్యమాసంలో తెల్లవారుజామున మంచు పట్టిందంటే ఎవరి చెయ్యి వాళ్ళకే కనపడదు. ఇక రాళ్ళేం కనపడతాయి?

అలాంటప్పుడు నూకరత్నం ఇసుక దిబ్బ ఎక్కి నిలబడి కేకేసేది. "ఓ... హొయ్... ఓ..." అని.

దీపం పెడితే మంచు మింగేసేది. డప్పు కొడితే ఆ చప్పుడు నాలుగు వైపుల నుంచీ వచ్చినట్టు ఉండేది, ఎటు తిరగాలో తెలిసేది కాదు. నూకరత్నం కేక మాత్రం దారంలాగా సన్నగా, తిన్నగా, మంచులోంచి దూసుకుపోయేది. పడవల వాళ్ళు ఆ దారం పట్టుకుని ఇంటికొచ్చేవారు. అందరికంటే ముందు వచ్చేది ఆవిడ మొగుడు పోలయ్య పడవ.

మరి మంచు ఏడాదికి కొన్నాళ్ళే కదా పడేది. మిగతా రోజులు ఆ గొంతు ఏం చేసేదంటావ్? పోట్లాడేది.

పొద్దున్నే చేపలు కొనడానికొచ్చిన బేరగాళ్ళతో పోట్లాడేది. "తాజావి కాదంటావేటి? ఈ చందువ కళ్ళు సూడు, నీ కళ్ళ కంటే బాగా మెరుస్తన్నాయి!" అనేది. మధ్యాహ్నం పక్కింటి కొర్లమ్మతో పోట్లాడేది, చేపలు ఎండేసుకునే జాగా దగ్గర. సాయంత్రం మనుషులెవరూ దొరక్కపోతే కాకులతో పోట్లాడేది. న్యాయం తనవైపుంటే గట్టిగా పోట్లాడేది. న్యాయం అవతలివైపుంటే ఇంకాస్త గట్టిగా పోట్లాడేది.

అలా ఉండగా, ఒక కార్తీకమాసంలో, కొర్లమ్మతో తగువు మంచి రసకందాయంలో ఉన్నప్పుడు, నూకరత్నం గొంతు ఆగిపోయింది. నోరు తెరిస్తే సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు 'స్స్...' అని వచ్చింది. అంతే.

కొర్లమ్మ ముందు చేతులు తిప్పుతూ ఎగిరింది. "సూసారా! నెగ్గీసేను! వదిన దగ్గర జవాబు లేదు!" అంది. ఆ తర్వాత నూకరత్నం మొహం చూసి ఆవిడ చేతులు వాటంతటవే దిగిపోయాయి. "ఒలమ్మా... ఏటయిందే వదినా?" అంది చిన్నగా.

పోలయ్య పెళ్ళాన్ని పక్క ఊళ్ళో వైద్యం చేసే వీరాచారిగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నాలుక మీద చెంచా పెట్టి, దీపం దగ్గరికి పట్టి, లోపలికి చాలాసేపు చూశాడు.

"గొంతు లోపల ఒరుసుకుపోయి పుండైంది తల్లీ. దీనికి ఒకటే మందు. మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెడ్డవి. మంచు పట్టే రోజులు వచ్చేదాకా నోరు మెదపకపోతే నీ గొంతు నీకు తిరిగొస్తుంది. మధ్యలో ఒక్కసారి అరిచావా, ఇక రాదు" అన్నాడు.

'ఎందుకు రాదు?' అని ఆయనతో వాదన పెట్టుకోబోయి, నూకరత్నం రెండు చేతులతో నోరు మూసుకుంది.

పోలయ్య మాటలు తక్కువ మనిషి. ఇంట్లో మాటలన్నీ ఆవిడే వాడేసుకునేది కదా, ఆయనకి మిగిలేవి కావు. ఊరి పొలిమేర దగ్గరకొచ్చాక మొగ వైపు చూసి, "మంచులో నాకు ఆ రాళ్ళు కనపడవే రత్నం" అన్నాడు.

నూకరత్నం తల ఊపింది. అప్పుడే మనసులో ఒట్టేసుకుంది. మంచు పట్టేదాకా నోరు విప్పకూడదు అని.

ఒట్టు వేసుకోవడం తేలికేనమ్మా. పోట్లాటలు మాత్రం ఎక్కడికి పోతాయి? నోట్లోంచి రాకపోతే చేతుల్లోంచి వచ్చాయి. గిన్నె దింపితే ధడేల్. తలుపు వేస్తే ఢాం. రోలు పక్కన రోకలి పెడితే పక్కింటి కోడి ఎగిరిపడేది. పోలయ్య అన్నం తింటూ, "నీ నోరు ఊరుకుంది గానీ గిన్నెలు ఊరుకోలేదే" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన అనడం అదే మొదలు.

ఇలా ఉండగా మేనకోడలు పైడితల్లి పట్నం నుంచి వచ్చింది. ఆ పిల్ల అక్కడ బొమ్మల దుకాణంలో పనిచేసేది. వస్తూ వస్తూ మేనత్తకి ఒక అట్టపెట్టె తెచ్చింది.

పెట్టె మూత మీద చక్కటి బొమ్మ ఉంది. తెల్లటి మంచుకొండ. కొండ కింద నీలం చెరువు. ఒడ్డున ఎర్ర పెంకుల ఇల్లు. చెరువు మధ్యలో ఒక బుల్లి పడవ. నూకరత్నం ముచ్చటపడి మూత తీసింది. లోపల ఏముంది? అన్నీ ముక్కలు! గుప్పెళ్ళకి గుప్పెళ్ళు ముక్కలు!

ఆవిడ పైడితల్లి వైపు చూసి చేతులు తిప్పింది. 'ఎవడు పగలగొట్టాడు? పగిలింది ఎందుకు కొన్నావు? పద, వాడి దుకాణానికి పోదాం' అని ఆ చేతుల అర్థం.

పైడితల్లి పకపకా నవ్వింది. "పగల్లేదు అత్తా. కావాలనే ఇలా కోస్తారు. మళ్ళీ మనం కూర్చోని పేర్చుకోవాల. దీన్ని పజిల్ అంటారు. పట్నంలో పెద్దోళ్ళు కూడా ఆడతారు" అంది.

నూకరత్నానికి ఎక్కడలేని వాదనా పొంగుకొచ్చింది. బాగున్న బొమ్మని ముక్కలు చేసి, కొన్నవాళ్ళ చేతే పేర్పించుకునే ఆ తెలివైనవాళ్ళెవరో తన ముందుకొస్తే బాగుండును అనుకుంది. కానీ ఏం లాభం? నోరు కట్టేసుకుంది కదా. పెట్టెని చూరు కింద పడేసింది.

మర్నాడు పొద్దున్న ఎండు చేపల జాగా దగ్గరికి వెళ్ళేసరికి ఏముంది? తన జాగా నిండా కొర్లమ్మ చేపలు పరిచి ఉన్నాయి. ఈ మూల నుంచి ఆ మూల దాకా. పక్కనే కొర్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, 'అను, ఏమంటావో అను' అన్నట్టు నిలబడి ఉంది.

నూకరత్నానికి మాట గొంతు దాకా వచ్చేసింది. పెదాలు విడిపోయాయి. అప్పుడు మొగ పక్కన నల్లరాళ్ళ మీద అల విరిగి పడిన చప్పుడు వినిపించింది. ఆవిడ గిర్రున వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసింది. చేతులు ఊరుకోవడం లేదు. దేన్నైనా పట్టుకోవాలి. ఎదురుగా అట్టపెట్టె ఉంది. పాత పడవ చెక్క ఒకటి పంచలో వేసి, ముక్కలన్నీ దాని మీద గుమ్మరించింది.

మరి ఆవిడకి పజిల్ ఎలా పేర్చాలో ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. కుప్ప చూడగానే చేతులు వాటి పని అవి మొదలెట్టాయి. వలలో పడ్డ చేపలని ఒడ్డున వేరు చేస్తారు చూడు, అలాగే ఏరింది. నీలం ముక్కలు కవళ్ళలాగా ఒక కుప్ప. తెల్ల ముక్కలు చందువల్లాగా ఒక కుప్ప. ఎర్రవి రొయ్యల్లాగా ఇంకో కుప్ప. ఏరినవాటిని పోయడానికి చేతికందిన గంప తీసుకుంది. అది ఎండు నెత్తళ్ళ గంప. చేపలమ్మే ఇంట్లో ఇంకే గంప ఉంటుంది? ఆ గంప సంగతి గుర్తుపెట్టుకో అమ్మా, ముందుముందు దాంతో పని ఉంది.

ఏరడం అయ్యాక ఒక నీలం ముక్క తీసింది. ఒక్కో ముక్కకి చెవులు, ఒక్కో ముక్కకి గుంటలు ఉన్నాయి. చెవి గుంటలో కూర్చోవాలన్నమాట. ఇది ఇక్కడిదే అనుకుని పెట్టింది. కూర్చోలేదు. పిడికిలితో ఒక్కటిచ్చింది. కూర్చుంది! నెగ్గాననుకుని నూకరత్నం మురిసిపోయింది. కానీ ఆ తర్వాత దాని పక్కన ఏ ముక్క పెట్టినా కూర్చోదే! ఎంత తిప్పినా కూర్చోదు. బలవంతంగా నెగ్గినచోట పక్కవాళ్ళకి జాగా ఉండదు కదమ్మా.

చివరికి ఆ ముక్కని గోటితో పైకి తీసి, వంగిపోయిన చెవిని వేలితో సాపు చేసి, ఇంకోచోట పెట్టింది. అది చప్పుడు లేకుండా ఒదిగిపోయింది. నూకరత్నం కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. కేకెయ్యకుండా, గుద్దకుండా, ఒక పని అలా సాగడం ఆవిడకి విచిత్రంగా తోచింది. తలెత్తి చూస్తే పొద్దు తిరిగిపోయింది. కోపం ఎప్పుడు దిగిపోయిందో ఆవిడకే తెలీదు. ఆ రోజు గిన్నెలు చప్పుడు చెయ్యలేదు.

అప్పట్నుంచి ఆవిడకి అదే ధ్యాస. చేపలమ్మి రావడం, పంచలో బాసింపట్టు వేసుకుని కూర్చోవడం.

ఆ తర్వాత ఒకరోజు ఏమైందంటే, ఊరిపెద్ద గవర్రాజు ఒడ్డుకి వచ్చాడు. గొడుగు పట్టుకుని తిరిగే మనిషి. కొత్త పడవ చేయిస్తున్నాడు, ఆ గొప్ప కూడా ఉంది. నలుగురి మధ్య నూకరత్నాన్ని చూసి ఆగాడు.

"ఏం రత్నం, ఈమధ్య ఊరెంత చల్లగా ఉందో! అమ్మవారి గుళ్ళో గంట మా ఇంట్లోకి వినబడుతోంది. ఆడదానికి ఈ మాత్రం నోరు చాలే" అన్నాడు.

అందరూ నవ్వారు. నూకరత్నం దగ్గర జవాబు లేదనుకున్నావా? మూడు ఉన్నాయి! ఒకదాన్ని మించింది ఒకటి. మూడూ నాలుక చివర వరసగా నిలబడి నేను ముందంటే నేను ముందంటున్నాయి. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. మెడ మీద నరం లేచింది. అయినా కాలే ముద్ద మింగినట్టు మూడూ మింగేసింది. గంప నెత్తినెత్తుకుని వచ్చేసింది.

మింగింది గానీ పారెయ్యలేదు. జవాబుల్ని కూడా చేపల్లాగే మనసులో ఎండేసుకుంది. చేప ఎండితే ఏమవుతుంది? చిన్నదవుతుంది. ఘాటు పెరుగుతుంది.

ఆ రోజు ఆవిడ పంచలో కూర్చునేసరికి కళ్ళల్లో నీళ్ళు, ముక్కలు సరిగ్గా కనపడటం లేదు. అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే కొర్లమ్మ.

"ఆ గవర్రాజు మాట నానూ యిన్నాను వదినా. నా ఒల్లు మండిపోయింది" అంది. కాస్సేపు కొంగు నలిపింది. "నీ జాగాలో నా సేపలు తీసీసేను. నువ్వు తిట్టకపోతే నాకు కూడు సయించట్లేదే. ఎవులితో దెబ్బలాడాల నాను? మా ఆయన ఊఁ అంటాడు, పడుకుంటాడు."

నూకరత్నం మొహం తిప్పుకుంది. ఆ తర్వాత కొంచెం పక్కకి జరిగింది. జరిగిన చోట కొర్లమ్మ కూర్చుంది.

కొర్లమ్మకి కుదురు లేదు. బొమ్మ మధ్యలో ఒక ముక్క, మూలన ఒక ముక్క పెట్టబోయింది. నూకరత్నం ఆవిడ చేతి మీద చిన్న దెబ్బ వేసింది. గోడకున్న అలివి వల చూపించింది. అలివి వల తెలుసు కదా, ఒడ్డున నిలబడి లాగేది. ముందు దాన్ని సముద్రంలో చుట్టూ తిప్పి పరుస్తారు. చుట్టు పూర్తయ్యాకే లోపలికి లాగుతారు. చుట్టకుండా లాగితే చేపలన్నీ జారిపోతాయి.

"అదా సంగతి! ముందు సుట్టూ కట్టాలా?" అంది కొర్లమ్మ.

అప్పుడు ఇద్దరూ కలిసి తిన్నటి అంచు ఉన్న ముక్కలన్నీ ఏరారు. బొమ్మకి నాలుగు గట్లూ కట్టారు. ఆ తర్వాత లోపలికి వచ్చారు. కొండ వచ్చింది. ఇల్లు వచ్చింది. కొర్లమ్మ నోరు ఆగేది కాదు, నూకరత్నం తల ఊపడం ఆగేది కాదు. ఆ పంచలో ఒకే ఒక్క గొంతు ఇద్దరి మాటలూ మాట్లాడేది. "నువ్విప్పుడేటంటావో నాకు తెలుసులే వదినా, కొర్లీ నీ కళ్ళు దొబ్బేయా అంటావు" అని తనని తానే తిట్టుకునేది. నూకరత్నం నవ్వు రాకుండా పెదవి కొరుక్కునేది.

మధ్యలో పైడితల్లి మళ్ళీ వచ్చింది. బొమ్మ మీదికి వంగి ముక్కు మూసుకుంది. "ఓలత్తా! నీ మంచుకొండ నెత్తళ్ళ కంపు కొడతంది!" అంది. మరి గంప ఏదో గుర్తుంది కదా నీకు?

మార్గశిరం చివర్లో ఒక జల్లు పడింది. ఇంటి కప్పు తాటాకు. సందులోంచి నీళ్ళు కారి గంపలో మిగిలిన ముక్కలు తడిసిపోయాయి. పొద్దున్నే ఎండ వచ్చింది. నూకరత్నం తడిసిన ముక్కలని తీసుకెళ్ళి ఎక్కడ ఆరేసిందనుకున్నావు? చేపల పక్కన, వల మీద! ఇంకెవరైనా అయితే కిటికీలో ఆరేసుకునేవారు. ఆవిడకి తడిసింది ఏదైనా ఎండాల్సింది అక్కడే. ఇరవై ఊళ్ళు తిరిగినా తెడ్లపాలెం మనిషి తప్ప ఇంకెవరూ ఈ పొరపాటు చెయ్యరమ్మా.

ముక్కలన్నీ నెత్తళ్ళ వాసన. కాకికేం తెలుసు? రివ్వున వచ్చింది. ఒక ముక్కని ముక్కున కరుచుకుని ఎదురుగా ఉన్న గుంజ మీద వాలింది.

అది ఏ ముక్కనుకున్నావు? చెరువు మధ్యలో పడవ ఉంది చూడు, ఆ పడవ నడుం ముక్క.

తెడ్లపాలెం కాకులన్నిటికీ నూకరత్నం గొంతు తెలుసు. ఆవిడ 'హోయ్!' అంటే నోట్లో ఉన్నది వదిలేసి పారిపోయేవి. ఇప్పుడు కూడా ఒక్క 'హోయ్' చాలు. ముక్క కింద పడుతుంది. గొంతులో ఇప్పుడు నొప్పి కూడా లేదు. ఒక్కటే కదా, ఏమవుతుంది?

'హో' దాకా ఊపిరి ఎక్కింది. అప్పుడు ఆవిడ చూపు కాకిని దాటి వెనక్కి వెళ్ళింది. వెనక మొగ ఉంది. మొగ మీద, నీళ్ళకి ఆనుకుని, పాలమీగడ లాంటి తెల్లటి పొర ఒకటి అప్పుడే విడిపోతోంది. ఆ ఏడాదికి అదే మొదటి మంచు. ఇంకా పల్చనిది. చిక్కనిది వెనకాల వస్తుంది.

ఆవిడ రెండు చేతులతో నోరు నొక్కుకుంది. కాకి తల వంచి చూసింది. 'ఏం, అరవవా?' అన్నట్టు ఇంకాసేపు ఆగింది కూడా. కొర్లమ్మ పరిగెత్తుకొచ్చి "హుష్! హుష్! నీ రెక్కలు ఇరిగిపోనూ!" అని అరిచింది. కొర్లమ్మ అరుపుని ఏ కాకి లెక్కచేస్తుంది? తీరిగ్గా రెక్కలు విప్పి సముద్రం మీదికి పోయింది.

ఆ సాయంత్రానికి బొమ్మ పూర్తయింది. ఒక్క చోట తప్ప. పడవ నడుం దగ్గర బొక్క. అందులోంచి కింది చెక్క నల్లగా కనపడుతోంది.

"వదినా, సిల్లి పడ్డ పడవ ఇంట్లో ఉండకూడదే" అంది కొర్లమ్మ గొంతు తగ్గించి. "మొగోళ్ళు ఏటకెల్లే ఇల్లు. తీసి పొయ్యిలో ఎట్టీ."

నూకరత్నం తల అడ్డంగా ఊపింది. కానీ ఆవిడకీ గుండెలో కలుక్కుమంది. పోలయ్య వలని భుజాన వేసుకుంటూ వచ్చి బొమ్మని చూశాడు. చిల్లి చూశాడు. పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఊళ్ళో పడవలన్నీ వేటకి వెళ్ళాయి. గవర్రాజు కొత్త పడవ కూడా వెళ్ళింది. మొదటి వేట కదా, సరదాకి గవర్రాజు కూడా ఎక్కాడు. గొడుగుతో సహా.

మర్నాడు నూకరత్నం తలుపు తీసేసరికి ఊరు లేదు. తెల్లగా, దూదిలాగా, అంతా మంచు. పక్కనే ఉన్న కొర్లమ్మ గుడిసె లేదు. గుంజ లేదు. సముద్రం చప్పుడు మాత్రం ఉంది.

ఆవిడ తడుముకుంటూ ఇసుక దిబ్బ ఎక్కింది. కొర్లమ్మ వెనకే వచ్చి ఆవిడ కొంగు పట్టుకుంది. నూకరత్నం నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ దాచిన గొంతు లోపల ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పెట్టె మూత తీసి చూసినట్టు చూడలేం కదా.

మొదటిసారి ఊపిరి వచ్చింది, చప్పుడు రాలేదు.

రెండోసారి లేగదూడ అరిచినట్టు బొంగురుగా వచ్చి తెగిపోయింది. కొర్లమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది.

నూకరత్నానికి ఇంకా ఇంకా గట్టిగా అరవాలనిపించింది. అప్పుడు ఆ వంగిపోయిన నీలం ముక్క చెవి గుర్తొచ్చింది. గుద్దితే కూర్చోదు. ఆగింది. భుజాలు దించింది. గొంతుని బలవంతపెట్టకుండా, దాని చోటు అది వెతుక్కునేదాకా నిలబడింది.

మూడోసారి వదిలింది.

"ఓ... హొయ్... ఓ..."

దారం! అదే దారం! సన్నగా, తిన్నగా, మంచులోంచి దూసుకుపోయింది. మునుపటికంటే ఒక పోగు కూడా ఎక్కువే ఉందనిపించింది కొర్లమ్మకి. నూకరత్నం ఊపిరి తీసుకుని మళ్ళీ వదిలింది. మళ్ళీ వదిలింది.

అప్పుడు మంచు లోపల్నుంచి, చాలా దూరంగా, "ఓయ్" అని ఒక్క మాట వచ్చింది. మాటలు తక్కువ మనిషి మాట. నూకరత్నం కళ్ళు తుడుచుకోలేదు, చేతులు నోటి దగ్గర దోసిలిగా పెట్టి ఉన్నాయి కదా.

ఆ తర్వాత తెల్లటి మంచులోంచి నల్లటి పడవ ముక్కు ఒకటి వచ్చింది. పోలయ్య పడవ. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. రాళ్ళ వైపు ఒక్కటీ పోలేదు. అన్నిటికంటే చివర గవర్రాజు కొత్త పడవ వచ్చింది. రాళ్ళ చప్పుడు చెవి పక్కనే విన్నాడేమో, ఆయన మొహం చందువ పొట్టలాగా తెల్లగా ఉంది. గొడుగు ఎక్కడో పోయింది.

ఆయన ఒడ్డున దిగి, తడిసిన పంచె పిండుకుంటూ, నూకరత్నం ఎదురుగా వచ్చి ఆగాడు. ఊరంతా ఆగింది. ఆవిడ ఇన్నాళ్ళుగా ఎండేసుకున్న జవాబు తీసింది.

"గవర్రాజు బాబూ, ఈ మాత్రం నోరు చాలా?" అంది.

అంతే. గవర్రాజు చేతులు జోడించాడు. ఆ రోజు నవ్వినవాళ్ళు ఎవరూ తలెత్తలేదు. కొర్లమ్మ ఒక్కతే ఎగిరి గంతేసింది.

ఇంటికి వచ్చాక ముగ్గురూ పంచలో కూర్చున్నారు. ఎండ ఎక్కి మంచు విడిపోయింది. కొర్లమ్మ బొమ్మకేసి చూసి నిట్టూర్చింది.

"నిన్న నువ్వొక్క అరుపు అరిస్తే ఆ ముక్క దక్కేదే వదినా" అంది.

"అరిస్తే అది దక్కేది" అంది నూకరత్నం. పోలయ్య వైపు చూసింది. "ఈయన దక్కీవోడు కాదు."

పోలయ్య ఆ చిల్లి వైపు చూశాడు. లేచి వెళ్ళి, పాత వలకి కట్టిన బెండు ఒకటి తెంపుకొచ్చాడు. బెండంటే వల మునిగిపోకుండా నీళ్ళ మీద తేల్చే తేలిక చెక్క. కత్తి తీసి దాన్ని చెక్కడం మొదలెట్టాడు. ఒక చెవి చెక్కాడు. ఒక గుంట తీశాడు. పెట్టి చూశాడు, కూర్చోలేదు. గుద్దలేదు. తీసి ఇంకాస్త చెక్కాడు. మళ్ళీ పెట్టాడు. అది చప్పుడు లేకుండా ఒదిగిపోయింది. నీలం చెరువులో పరదేశం పడవకి తెడ్లపాలెం బెండు అతుకు.

"ఇక మునగదు" అన్నాడు పోలయ్య.

ఆ బొమ్మ చాలా ఏళ్ళు వాళ్ళింటి గోడ మీదే ఉందట. వానాకాలంలో కొంచెం నెత్తళ్ళ వాసన కూడా వేసేదట. పైడితల్లి వచ్చినప్పుడల్లా ఒక కొత్త పెట్టె తెచ్చేది. వేట లేని రోజుల్లో వదినలిద్దరూ పంచలో కూర్చుని ముక్కలు ఏరేవారు. ఏరుతూ ఊరుకునేవారా? "గట్టు నాది!" "కాదు, పోయినసారి నువ్వే కట్టీసేవు!" అని ఊరంతా వినబడేలా దెబ్బలాడుకునేవారు. కానీ పుష్యమాసం దగ్గరపడుతోందంటే నూకరత్నం తనంతట తనే గొంతు తగ్గించేది. ఎవరో చెప్పారని కాదమ్మా. ఆ గొంతు ఎందుకు కావాలో ఆవిడకి తెలుసు కాబట్టి.

కాకి ఆ ముక్కని తినేసిందా అంటావా? అట్టముక్కని ఎవరు తింటారు! గూట్లో పెట్టుకుని, పిల్లలకి దాని మీద పక్కేసి ఉంటుంది. ఆ పిల్లలు కూడా ఈపాటికి పడుకునే ఉంటాయి. నువ్వే మిగిలావు.

కాకమ్మ ముక్కున ముక్క పోయె,
రత్నమ్మ గొంతున రాగం లేచె,
మంచులో పడవలు ఒడ్డు చేరె,
చంటిదాని కళ్ళు నిద్దర్లో జారె.
కథేమో పడవెక్కి కంచికి,
మనమేమో నిద్దరెక్కి ఇంటికి.